కాగితం మీద ఇల్లరికం

నేనిప్పుడు ‘వచ్చాను’, ‘తిన్నాను’ అని రాస్తున్నాను. అచ్చులో అలాగే రాస్తారు కాబట్టి చదివేవాళ్ళకు ఇందులో వింతేమీ కనబడదు. కానీ ఈ చివరి ‘ను’ నాకు బడిలో అబ్బలేదు. మా ఊరి పంతులు పాఠం పుస్తకంలో ఉన్నట్టే చదివి, అర్థం మాత్రం మా మాటలోనే చెప్పేవాడు. మేము పరీక్షలో ‘ను’ రాసేసి, బయటికొచ్చి ‘మంచిగ రాసిన’ అనుకునేవాళ్ళం. దీన్ని నా నోటికి పట్టించింది నా భార్య. ముప్పై ఆరో ఏట, పిల్లల తండ్రినయ్యాక, ఉద్యోగం కోసం నేర్చుకున్నాను.

మా ఊరు బొల్లారం పారిశ్రామికవాడకు నాలుగు కిలోమీటర్లు. డాబా ఎక్కితే మందుల కంపెనీల పొగగొట్టాలు కనిపిస్తాయి. ఏ దిక్కు నుంచి గాలి వీస్తోందో మా ఊళ్ళో కళ్ళు మూసుకుని చెప్పేస్తారు, ఒక్కో దిక్కుకు ఒక్కో కంపు. నేను ఐటిఐలో ఫిట్టర్ పాసయ్యాను. పటాన్‌చెరులో పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. అది మూతపడ్డప్పుడు నేనేమీ బెంగపడలేదు. చేతిలో పనుంది, చుట్టూ ఇన్ని గేట్లున్నాయి, ఏదో ఒకటి తెరుచుకోదా అనుకున్నాను. అంత ధీమా నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని గేటు గేటుకూ తిరిగాను. ఏ గేటు దగ్గరా ‘నీకు ఏం పని వచ్చు’ అని ముందు అడగలేదు. ‘ఏ ఊరు?’ అని అడిగారు. నేను ఛాతీ విరుచుకుని మా ఊరి పేరు చెప్పేవాణ్ణి. పైగా, ‘నాలుగు కిలోమీటర్లే సార్, నడిజామున ఫోన్ చేసినా వస్త’ అని కలిపేవాణ్ణి. దగ్గరి ఊరు కావడం నా గొప్ప అర్హత అనుకున్నాను. వాళ్ళు నా కవరు విప్పకుండానే తిరిగిచ్చి, పిలుస్తాం పో అనేవాళ్ళు.

ఆరో గేటు దగ్గరనుకుంటా, ఒక బీహారీ వాచ్‌మన్‌కు నా మీద జాలి కలిగింది. బీడీ వెలిగించుకుంటూ, “భయ్యా, లోకల్ కో నహీ లేతే. ఖాలీ పీలీ క్యోం ఘూమ్ రహా?” అన్నాడు. లోకల్ వాళ్ళను తీసుకోరట, ఊరికే ఎందుకు తిరుగుతున్నావని. ఎందుకని అడిగితే వేళ్ళు మడిచి చెప్పాడు. లోకల్ వాడు పండగ పండగకూ ఇంటికి పోతాడు. చుట్టాలింట్లో చావైనా పెళ్ళైనా పనికి రాడు. యూనియన్ పెడతాడు. ఒక్కణ్ణి తిడితే ఊరంతా గేటు మీదికొస్తుంది. బయటి నుంచి వచ్చినవాడైతే గది నుంచి పనికి, పని నుంచి గదికి. మా పొలాల నడుమ నిలబడి, ఎక్కడో వెయ్యి మైళ్ళ నుంచి వచ్చినవాడు, మా ఊళ్ళకు ఎందుకు పని లేదో నాకు ఓపికగా అర్థం చేయించాడు. అతని మీద కోపం కూడా రాలేదు.

అప్పుడు చుట్టూ చూస్తే అంతా అలాగే ఉంది. మా ఊళ్ళో డిగ్రీ చదివినవాళ్ళు ఫ్యాక్టరీలకు నీళ్ళ ట్యాంకర్లు తోలుతున్నారు. పదెకరాల ఆసామి కొడుకు ఖాళీ ప్లాట్లకు కాపలా ఉన్నాడు. ఆడవాళ్ళు కంపెనీల లాన్‌లలో గడ్డి పీకుతున్నారు. గేటు బయట పని ఎంతైనా మాదే. గేటు లోపల మిషను ముట్టే పని మాత్రం మా ఊరి పేరు చెప్పనివాడిది.

నా భార్యది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళ నాన్న పడుచు వయసులో ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, కిష్టారెడ్డిపేటలో ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. మాది ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. మొదట్లో రెండు వైపులా అలిగారు, పిల్లలు పుట్టాక అలక మానుకున్నారు. నేను గేట్ల సంగతి చెప్పి ఇంట్లో కూలబడితే, ఉపాయం మా మామే చెప్పాడు.

“మా ఊరి అడ్రసు పెట్టుకో అల్లుడూ. అక్కడ మా అన్నయ్య ఉన్నాడు, కావలసిన కాగితం రాయిస్తాడు. ముప్పై ఏళ్ళు ఇక్కడ పనిచేసినా నన్నింకా ఆంధ్రావాడనే అంటున్నారు కదా. ఆ పేరు నీకైనా అక్కరకు రానీ” అన్నాడు.

ఆయన నవ్వుతూనే అన్నాడు గాని ఆ నవ్వులో ఎంత చేదుందో నాకు అప్పుడు తెలియలేదు. నెల తిరిగేసరికి నా ఆధార్ కార్డు మీద కృష్ణ ఒడ్డున ఒక ఊరి పేరు వచ్చింది. నేను ఆ ఊరికి జన్మలో రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ పెళ్ళిళ్ళకే. మా ఊళ్ళో ఈ సంగతి తెలిసిన స్నేహితుడు ఒక్కడే. పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. కార్డు చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు.

“కాగితం మీద ఇల్లరికం పోయినవ్ గదరా! మీ అత్తోళ్ళు మంచిగ సూసుకుంటున్నరా?” అన్నాడు.

అడ్రసు మారింది, నోరు మారలేదు. గేట్ల దగ్గర కూర్చునే కాంట్రాక్టర్ల మనుషుల్లో చాలామందిది కోస్తానే. ఆ కార్డు పట్టుకుని వెళ్ళి ‘పొద్దుగాల్నే వచ్చిన సార్’ అంటే ఇక అంతే. అందుకని నా భార్య నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ పాఠం మొదలుపెట్టింది.

“ఎప్పుడొచ్చారు?”

“ఇప్పుడే ఒచ్చిన.”

“అయిపోయింది మీ ఉద్యోగం. ‘ఇప్పుడే వచ్చానండీ’ అనాలి. మళ్ళీ చెప్పండి.”

లొల్లిని గొడవ అనాలి. తొవ్వను దారి అనాలి. జెర అనకూడదు, కొంచెం అనాలి. ఏంది అనబోయి ఏమిటి అని మింగాలి. అన్నిటికంటే కష్టం ఆ ‘అండీ’. అది ఎక్కడ తగిలించాలో తెలియక కుక్కను కూడా ‘పోండీ’ అన్నాను. పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. ఆ నెల రోజులూ మా ఇల్లు నవ్వులతో నిండింది. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది, ఎందుకంటే ఆ నవ్వుల్లో నేనూ ఉన్నాను.

బొల్లారంలో ఒక మందుల కంపెనీ గేటు నన్ను లోపలికి రానిచ్చింది. కాంట్రాక్టరు మనిషి కార్డు చూసి, నా నాలుగు మాటలు విని, ‘మన వైపేనన్నమాట’ అని సంతోషించాడు. చేతికి పసుపు రంగు గేట్ పాస్ ఇచ్చాడు. దాని మీద ‘హెల్పర్’ అని ఉంది. ఫిట్టర్నండీ అని కవరు చూపించబోయాను.

“ఫిట్టరు ఖాళీల్లేవు. ముందు చేరు, తర్వాత మారుద్దాం” అన్నాడు.

ఆ ‘తర్వాత’ ఎనిమిదేళ్ళు గడిచినా రాలేదు. గేటు దగ్గర మనిషి ఉన్నవాడే, ఏడాదికోసారి కాంట్రాక్టరు మాత్రం మారేవాడు. కొత్తవాడు కొత్త పాస్ ఇచ్చేవాడు, మనిషి నిన్ననే పనిలో చేరినట్టు లెక్క. పసుపు పాస్ అంటే హెల్పర్, నీలం అంటే కాంట్రాక్టులోనే పనితనం ఉన్నవాడు, తెల్లది అంటే కంపెనీ మనిషి. తెల్ల పాస్ ఉన్నవాడికి జీతం మాకు రెండింతలు పైనే, జ్వరమొస్తే సెలవు, చెయ్యి తెగితే ఆస్పత్రి. నాకు కావలసింది ఆ తెల్ల పాస్ ఒక్కటే. ఫిట్టరుగా కంపెనీ లెక్కలో ఒక్కసారి నా పేరెక్కాలి. అంతకు మించి నేను ఏ దేవుణ్ణీ ఏదీ అడగలేదు.

పనితనం గురించి చెప్పుకోవడం మొహమాటమే గాని, ఇది చెప్పకపోతే నా ఏడుపు అర్థం కాదు. రసాయనాలు తోడే పంపులో తిరిగే కడ్డీ చుట్టూ ఒక సీలు ఉంటుంది. రెండు రింగులు, అద్దంలా నున్నగా, ఒకటి నిలబడి ఉంటే రెండోది దాన్ని ఒరుసుకుంటూ తిరుగుతుంది. వాటి మధ్య వెంట్రుకంత సందున్నా యాసిడ్ బయటికి చిమ్ముతుంది. ఆ నున్నటి ముఖాన్ని వేలితో ముట్టుకోకూడదు, చెమట మరక చాలు చెడిపోవడానికి. కడ్డీ ఎంత వంకర పోయిందో గేజీ పెట్టి చూస్తారు. నేను స్క్రూడ్రైవరు మొన బేరింగుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, తిరిగే చప్పుడు విని చెప్పేవాణ్ణి. మూడు రోజుల్లో పోతుందంటే మూడు రోజుల్లో పోయేది. తెల్ల పాస్ ఉన్న ఫిట్టరు నాకంటే చిన్నవాడు, మంచివాడు. నన్ను గురూ అని పిలిచేవాడు. పని నేను చేసేవాణ్ణి, కాగితం మీద సంతకం అతను పెట్టేవాడు. ఆ కాగితంలో నా పేరుకు గడే లేదు.

పగలంతా ‘వచ్చానండీ’, సాయంత్రం షేర్ ఆటో దిగి ఊళ్ళో అడుగుపెట్టగానే ‘వచ్చిన’. తోటివాళ్ళకు నేను కిష్టారెడ్డిపేటలో కిరాయికి ఉంటున్నానని చెప్పాను. మా ఊరి దాకా వచ్చే ఆటో గేటు ముందు ఎక్కేవాణ్ణి కాదు, సందు మలుపు దాకా నడిచి ఎక్కేవాణ్ణి. బోనాలకు మా ఊరి డప్పు ప్లాంటు లోపలికి వినిపించేది. పక్కవాడు ‘ఇక్కడి వాళ్ళ పండగ’ అంటే ‘అవునా అండీ’ అనేవాణ్ణి.

ఐదో ఏడు మా అవ్వ చనిపోయింది. మా దిక్కు కన్నతల్లిని అవ్వ అంటాం. పొద్దుటి షిఫ్టులో ఉన్నాను, ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. కాంట్రాక్టరు మనిషి దగ్గరికి పరుగెత్తాను. నోట్లోంచి, “మా అమ్మగారు పోయారండీ” అని వచ్చింది.

ఆమెను నేను బతికుండగా ఎన్నడూ గారు అనలేదు. ఏందే, ఎక్కడున్నవే అని పిలిచిన మనిషి. చచ్చిపోయిందన్న మాట మొదటిసారి నోట పలకడం, అది కూడా ఎవరి తల్లి గురించో చెప్పినట్టు పలకడం, నన్ను ఇప్పటికీ తినేస్తుంది. కాంట్రాక్టరు మనిషి పాపం నిజంగానే బాధపడ్డాడు.

“అయ్యో, వెంటనే బయలుదేరు. ఇప్పుడు బస్సెక్కితే సాయంత్రానికి చేరతావు. దినాలు చూసుకునే రా” అన్నాడు.

పావుగంటలో ఇంటికి చేరాను. మా ఊళ్ళో ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి ఇంట్లో చావైతే తోటివాళ్ళు కట్టగట్టుకుని వస్తారు, దండ వేస్తారు, పాడె మోస్తారు. నా వెంట ఒక్కడు రాలేదు. ఎట్లా వస్తారు, వాళ్ళ లెక్కన శవం కృష్ణ ఒడ్డున ఉంది. మా ఊరి శ్మశానంలో నిలబడితే మా ప్లాంటు పొగగొట్టం ఎదురుగా కనిపిస్తుంది. ‘నీ కంపెనీ నుంచి ఎవలు రాలేదేందిరా’ అని పెద్దమనుషులు అడిగారు. డ్యూటీలున్నయి అన్నాను. పన్నెండో రోజున పనికి వెళితే ప్రయాణం బాగా జరిగిందా అని అడిగారు. రిజర్వేషన్ దొరకలేదండీ, నిలబడే వచ్చాను అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏడో ఏడు కంపెనీ పక్కన కొత్త బ్లాకు కట్టాలనుకుంది. దానికి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళ అభిప్రాయం తీసుకోవాలని మా ఊరి బడి ఆవరణలో షామియానా వేసి సభ పెట్టారు. అధికారులు వచ్చారు, కంపెనీ పెద్దలు వచ్చారు. సభకు ముందే మా తెల్ల పాస్ ఫిట్టరు నా చెవిలో వేశాడు, ఈసారి ఐటిఐ చదివిన ఊరివాళ్ళకు కొన్ని పర్మనెంటు ఉద్యోగాలు ఇస్తారట అని. ‘నీకెందుకులే గురూ, నువ్వు మా వైపు కదా’ అని భుజం తట్టాడు.

వెళ్ళకుండా ఉండలేకపోయాను. మొహానికి రుమాలు కట్టుకుని చిట్టచివరి వరుసలో, గోడకు ఆనుకుని కూర్చున్నాను. ముందు వరుసలో కాంట్రాక్టరు మనిషి నీళ్ళ సీసాలు పంచుతున్నాడు. కంపెనీ పెద్ద లేచి, పంచాయతీ ఇచ్చిన లిస్టులోంచి అర్హులైనవాళ్ళను తీసుకుంటాం, కానీ మీ ఊళ్ళల్లో పని వచ్చినవాళ్ళు దొరకడం లేదు, అదే మా ఇబ్బంది అన్నాడు. అప్పుడు నా స్నేహితుడు లేచి మైకు అందుకున్నాడు. అప్పటికి వాడు మా వార్డు మెంబరు.

“పని వచ్చినోళ్ళు లేరంటరా? గాడ ఎనుక రుమాలు కట్టుకుని కూసున్నడు సూడుండ్రి, మా దోస్తు. పంపు ఇప్పి బిగించుట్ల ఆయిన్ని మించినోడు లేడు. ఏడేండ్ల సంది మీ కంపెనీలనే హెల్పరు. సొంత ఊరి పేరు దాసుకుంటె గని పని ఇయ్యలె మీరు. ఇగ దాసుకునుడు ఏంది? లేవరా! లేసి సెప్పు!”

షామియానా కింద తలలన్నీ వెనక్కి తిరిగాయి. కాంట్రాక్టరు మనిషి చేతిలో సీసా పట్టుకుని అలాగే తిరిగాడు. రుమాలు వల్ల నన్నింకా పోల్చుకోలేదు, లేస్తే ఈ పూటే పసుపు పాస్ పోతుంది. పెద్దపిల్ల పాలిటెక్నిక్‌లో ఉంది. తెల్ల పాస్ వస్తుందో రాదో ఎవరికి తెలుసు. ఇవన్నీ ఆలోచించానని ఇప్పుడంటున్నాను గాని, నిజానికి అప్పుడు ఏమీ ఆలోచించలేదు. అందరూ నా వైపు చూస్తుంటే, నేను కూడా మెడ తిప్పి వెనక్కి చూశాను, వాళ్ళు చూస్తున్నది నా వెనకున్న మనిషినన్నట్టు. నా వెనక ఎవరూ లేరు. బడి గోడ ఉంది.

ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి, ‘ఎవరూ లేవడం లేదు కదా, కూర్చోండి’ అన్నాడు. ముందు వరుసలో కంపెనీవాళ్ళ నుంచి ‘అబద్ధాలు చెప్పకయ్యా’ అని ఒక గొంతు వినబడింది. నా స్నేహితుడు మైకు ఇచ్చేసి కూర్చున్నాడు. సభ అయ్యాక నేను అందరికంటే ముందు బయటపడ్డాను.

ఆ తర్వాత వాడు నాతో మాట్లాడలేదు. నేను కూడా వాడి తొవ్వకు పోలేదు. బ్లాకు లేచింది, మిషన్లు దిగాయి, ఫిట్టర్లకు పరీక్ష పెడుతున్నామని గేటు మీద కాగితం అంటించారు. పరీక్ష ఎవరైనా రాయొచ్చు, ఆ తర్వాత ఊరివాళ్ళను ఏరుకుంటారు. నేను మీసేవకు వెళ్ళి, ఇన్నేళ్ళ తర్వాత అడ్రసు మళ్ళీ మా ఊరికి మార్పించుకున్నాను. ఇల్లరికం నుంచి తిరిగొచ్చానన్నమాట. నా భార్య కొత్త కార్డు దేవుడి దగ్గర పెట్టి దండం పెట్టింది.

పరీక్షలో నా ముందు ఒక పంపు పెట్టి సీలు మార్చమన్నారు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దాయన పక్కనే నిలబడి చూశాడు. విప్పాను, తుడిచాను, కొత్త రింగులు వేలు తగలకుండా దించాను, బిగించాను. నీళ్ళు పెట్టి నడిపితే ఒక్క బొట్టు రాలేదు. ఆయన వంగి చూసి, చేత్తో కింద తడిమి చూసి, “ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా?” అన్నాడు. ఆ మాటకు నా కళ్ళు చెమర్చాయి. ఎనిమిదేళ్ళలో నా పని గురించి టేబులుకు అవతల కూర్చునే మనిషి అన్న మొదటి మాట అది.

ఆయన నన్ను గదిలోకి తీసుకెళ్ళి కూర్చోమన్నాడు. మాది ఏ ఊరని అడిగాడు.

“పక్క ఊరేనండీ. ఇక్కడే పుట్టానండీ, ఇక్కడే పెరిగాను” అన్నాను.

అన్నాక తెలిసింది ఏం చేశానో. టేబులూ కాగితమూ కనబడితే చాలు, నా నాలుక దానంతటదే అటు తిరిగిపోతోంది. పక్కనున్న ఆఫీసరు నవ్వాడు. మళ్ళీ మా మాటలో చెబుదామని నోరు తెరిచాను. అనలేక మూసేశాను. ‘పుట్టిన’ అన్న ఒక్క మాట, మా అవ్వ దగ్గర నేర్చుకున్న మాట, ఆ గదిలో నాకు నటనలా అనిపించింది. కంప్యూటరులో నా పాత పాస్ తీశారు. కృష్ణ ఒడ్డున ఊరు. కొత్త కార్డు చూశారు. అడ్రసు మార్చి ఇంకా నెల కాలేదు.

“ఈ నెలలో అందరూ లోకల్ అయిపోతున్నారు సార్” అన్నాడు ఆఫీసరు.

రేషన్ ఇక్కడే, ఓటు ఇక్కడే, బడి ఇక్కడే అని మొత్తుకున్నాను. పెద్దాయన చెయ్యి ఎత్తి ఆపాడు. ఆయన గొంతులో కటువు లేదు.

“నీ కాగితాల గొడవ నాకొద్దు. ఊరికి మాటిచ్చాం, ఊరు ఎవరి పేరు ఇస్తే వాళ్ళే. పంచాయతీ లిస్టులో నీ పేరు లేదు. రేపు మధ్యాహ్నం లోపు రాయించుకుని రా. లేకపోతే నేను చేయగలిగింది లేదు. అప్పుడు ఆ పాత పాస్‌లో రాసిన ఊరి సంగతి కూడా అడగాల్సి వస్తుంది” అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే నా భార్య పొయ్యి ఆపేసి నేల మీద కూర్చుండిపోయింది. “నేను నేర్పకుండా ఉండాల్సిందండీ” అంది. నీ తప్పేముంది అన్నాను. మా వార్డు పేర్లు లిస్టుకు రాసిచ్చేది నా స్నేహితుడే. నేనూ వస్తాను, ఆ అన్నయ్యగారిని బతిమాలతాను అంది. వద్దన్నాను. ఆమె వచ్చి ఆమె మాటలో బతిమాలితే పని ఇంకా చెడుతుందని భయమేసింది. ఆ భయం ఆమెకు చెప్పలేదు గాని ఆమెకు అర్థమైంది.

పొద్దుగూకే వేళకు వాడి ఇంటికి వెళ్ళాను. వాడు పత్తి చేను నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నేను వస్తానని తెలిసినట్టే ఉంది. దారిలో కూడబలుక్కున్నవన్నీ మర్చిపోయి, లిస్టుల నా పేరెందుకు రాయలేదురా అని సూటిగా అడిగేశాను.

“ఎట్ల రాయాలె?” అన్నాడు, చెంబు పక్కన పెడుతూ. “ఊరోనివి గాదని నువ్వే సూపెట్టినవు గద. అందరు సూసిండ్రు.”

“భయమైందిరా. పిల్లలున్నోన్ని.”

“నాకు తెల్వదా? లేవకుంటె లేవకపోతివి, నేనేమనకపోదును. ఎనుకకు తిరిగి సూస్తివి సూడు, ఎవలో ఉన్నట్టు. ఊరంత నన్ను సూసి నవ్విండ్రు. కంపెనోళ్ళు అబద్ధాలోడు అన్నరు.”

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. రేపు మధ్యాహ్నం దాకా టైముందని, ఒక్క సంతకం చాలని, లేకపోతే ఉన్న పసుపు పాస్ కూడా పోతుందని చెప్పాను. వాడు చెయ్యి విడిపించుకోలేదు. విడిపించుకుని ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

“టైమున్నది. నా మొఖమే లేదు” అన్నాడు. “ఇచ్చిన లిస్టు వాపస్ తీస్కొని, గా దినం లేడని తేలిన మనిషి పేరే ఇప్పుడు రాసిస్తె, గా ఆఫీసర్లు నన్నేమంటరు? రేపు ఇంకో పదిమంది పేర్లు ఇయ్యాలె నేను. నా మాట నమ్మకపోతె ఆళ్ళ గతేంది? నేను రాయను. నన్ను అడగకురా.”

వాడన్నది సబబే. అదే నాకు దిక్కు తోచకుండా చేసింది. వాడిలో ఒక తప్పు దొరికితే పట్టుకుని పోట్లాడేవాణ్ణి.

ఇంతలో వాడి భార్య లోపలి నుంచి వచ్చింది. ఆ ఇంట్లో నాకు ఇరవై ఏళ్ళుగా చోటు అరుగు మీదే. వెళ్ళగానే చెప్పులు విడిచి అరుగెక్కి కాళ్ళు చాపుకునేవాణ్ణి. ఆమె నన్ను ‘అన్నా, తింటవా’ అని అడిగేది, వద్దన్నా కంచం పెట్టేది. ఆమె ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, కొంగుతో దుమ్ము తుడిచి, నా ముందు వేసింది.

“కూసోండ్రి” అంది.

కూర్చున్నాను. వాడు అరుగు మీద కూర్చున్నాడు, తల దించుకుని. ఆమె నా మొహం చూడకుండా, “చాయ్ తాగుతరా?” అని అడిగింది.

“తాగుతానండీ” అన్నాను.